అత్తయ్య తల వెనక గోడ

మిషనక్కతో పెట్టుకుని గెలిచినవాళ్లు ఆ వీధిలో లేరు. ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని చొక్కాలు, యూనిఫాంలు, దిండు గలీబులు కుట్టే ఆ మనిషికి అసలు పేరేమిటో ఆవిడకే గుర్తులేదని మొగుడు వేళాకోళం చేస్తుంటాడు. అలాంటి మనిషిని ఈ వానాకాలం నల్లబూజు ముప్పుతిప్పలు పెట్టింది.

సంగతేమిటంటే, అత్తయ్యకు ఆయాసం. ముసురు పట్టిందంటే చాలు, మంచమెక్కగానే ఛాతీలో పిల్లికూతలు మొదలు. డాక్టరమ్మ మందులు రాసి, "ఇంట్లో చెమ్మ, బూజు ఎక్కడున్నాయో వెతకండి. అవి పోకుండా మందులు మింగితే లాభం లేదు" అంది. ఆ మాట ఎలా చేరిందో మరిది చెవిన పడింది. వెంటనే ఫోను.

"ఆదివారం వచ్చి అమ్మని మా ఇంటికి తీసుకెళ్లిపోతా వదినా. మాది పై అంతస్తు, ఎండా గాలీ పుష్కలం. నువ్వు పొద్దస్తమానం ఇంట్లోనే ఇస్త్రీ ఆవిరి పడుతుంటే బూజు పట్టక ఏం చేస్తుంది?"

తీసుకెళ్లిపోతాడట! కూరలో ఉప్పు దగ్గర్నుంచి కిటికీ రెక్క దాకా ప్రతిదానికీ వాదించుకునే అత్తయ్య లేకపోతే మిషనక్కకు పూట గడవదు. ఆ ముక్క పైకి మాత్రం చచ్చినా చెప్పదు. ఫోను పెట్టేసి కొంగు బిగించింది. "ఈ ఇంట్లో బూజుంటుందో నేనుంటానో తేలిపోవాలి" అంది. బస్సు డ్రైవరైన మొగుడు సెలవు పెట్టాడు. పెట్టక ఏం చేస్తాడు పాపం.

కంటికి కనబడే చోట అందరూ తుడుస్తారు. ఆవిడ మాత్రం కంటపడని చోట్ల మీద పడింది. బీరువా లాగితే వెనక గోడనిండా అరచేతులంత మచ్చలు. కడిగి, ఆరబెట్టి, బీరువాను గోడకు బెత్తెడు ఎడంగా నిలబెట్టించింది. బట్టలుతికే మిషను తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడత విప్పితే నల్లటి జిగురు. సింకు కింద, ఎప్పుడో కారిన పైపుకు చుట్టి వదిలేసిన గుడ్డ. ఫ్రిజ్జు వెనక నీళ్లు పడే పళ్లెం ఒకటుంటుందని మొగుడికి ఆ రోజే తెలిసింది.

"ఇన్నాళ్లూ ఇందులో ఏం పెంచుతున్నావే?" అన్నాడు ముక్కు మూసుకుని.

"మీ తమ్ముణ్ణి" అంది.

మరిది మాటలో కొంత నిజముందని ఒప్పుకోవడానికి నోరు రాలేదు గానీ, ఇస్త్రీ బల్ల మాత్రం కిక్కురుమనకుండా వరండాలోకి వెళ్లిపోయింది.

ఇంత చేసినా అత్తయ్య గదిలో ముక్కిన వాసన పోలేదు. పిల్లికూతలూ తగ్గలేదు. ఆదివారం రానే వచ్చింది. మరిది వచ్చి, తల్లి బట్టలు సంచిలో సర్ది, గది గుమ్మంలో నిలబడి గాలి పీల్చాడు.

"ఇంకా వాసనే వదినా."

మిషనక్క గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. నేల చూసింది, కిటికీ చూసింది, మంచం కింద చూసింది. చూడనిది ఒకటే, అత్తయ్య తల వెనక గోడ. అది వీధివైపు గోడ. చలికాలంలో తలకు చల్లగా తగులుతోందని అత్తయ్య అంటే, కుట్టగా మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి, లోపల దూది కూరి, మందంగా ఓ బొంత కుట్టి గోడకు మేకులతో బిగించింది. మరి కుట్టుపని మనిషి! చల్లగా ఉంటే గుడ్డ, ఎండ పడితే గుడ్డ, ఏ బాధకైనా ఆవిడ దగ్గరున్న మందు గుడ్డే. ఇంటికెవరొచ్చినా అత్తయ్య లోపలికి పిలిచి మరీ ఆ బొంత చూపించేది. మిషనక్క దాని ముందువైపు దుమ్ము దులిపేదే గానీ వెనక్కి ఏనాడూ తొంగిచూడలేదు.

ఓ మూల ఎత్తింది. చేతికి తడి తగిలింది. వెనక గోడంతా నల్లగా ఉంది.

ఆ ముసలావిడ ఊపిరికి అడ్డం పడింది తన చేతి కుట్టే. ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది.

"చూశావా, నేను చెప్పలా?" అన్నాడు మరిది.

"చూశాను! నేనే కుట్టాను, నేనే పీకుతున్నాను. ముందు మీ అమ్మని ముందుగదిలో కూర్చోబెట్టు. మూతికి గుడ్డ కట్టుకునొచ్చి ఆ చివర పట్టుకో."

కిటికీ బార్లా తెరిచి, పెద్ద కత్తెర తీసి అడ్డంగా కోసింది. ఎంత ముచ్చటపడి కుట్టిందో అంత కసిగా కోసింది. ముందుగదిలోంచి అత్తయ్య కేక వేసింది. "మెల్లిగా తియ్యవే! చిరిగిపోతుంది!"

మిషనక్క కత్తెరతోనే ముందుగదిలోకి వచ్చింది. "తల అక్కడే పెట్టుకు పడుకుంటారుగా అత్తయ్యా, మీకు వాసన తెలీలేదా?"

"తెలుసు."

"మరి చెప్పరేం?"

"చెప్తే పీకేస్తావుగా." అత్తయ్య చూపు తిప్పుకుంది. "నా కోసమని ఒకళ్లు కూర్చుని కుట్టింది, పుట్టి బుద్ధెరిగాక అదొక్కటేనే."

"మతి పోయిందా మీకు? ఊపిరాడకపోతే ఆ బొంత ఎవరికి?" అని అరిచింది కోడలు. అరుస్తూనే ముక్కు ఎగబీల్చింది. గోడ కడిగి ఎండేదాకా అత్తయ్య పడక కుట్టుమిషను పక్కనే అని, ఆ తర్వాత కూడా మంచం ఆ గోడకు ఆనడానికి వీల్లేదని, ఎవరినీ అడక్కుండానే తేల్చేసింది.

మరిది తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. "పోనీ గోడ ఎండేదాకా అయినా రామ్మా. హాయిగా ఉంటావు. మా ఇంట్లో నిన్ను పల్లెత్తు మాట అనేవాళ్లే ఉండరు."

"అదేరా నా భయం" అంది అత్తయ్య.

ఒళ్లో పెట్టుకున్న బట్టల సంచి తీసి కోడలి చేతిలో పెట్టింది. "బట్టలు ఎక్కడివక్కడ పెట్టు. నీ సర్దుడు నాకు తెలుసు."