దగ్గుజ్వరం దగ్గర కూర్చునే మనిషి

మా ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే, అంతకుముందు అమ్మవారు పోసి తగ్గిన మనిషే పక్కన కూర్చోవాలి. వేపమండతో విసరాలన్నా, గంజి తాపాలన్నా ఆ మనిషే. ఒకసారి వచ్చి పోయిన ఒంటికి ఆ తల్లి మళ్ళీ రాదని పెద్దల మాట. అది చాలావరకు నిజమే. మేము చేసిన పొరపాటల్లా ఆ మాటను దగ్గుజ్వరానికి కూడా వాడుకోవడం.

తొంభైల్లో ఒక వానాకాలం పుంగనూరులో ఇంటింటా దగ్గుజ్వరం తిరిగింది. మా ఇంట్లో మొదట నాకే వచ్చింది. నేను లేచి కూర్చునేసరికి మిగతా అందరూ పడిపోయారు. మా అత్త మంచం మీది నుంచే తీర్పు చెప్పింది.

"నీకొచ్చి పోయింది గదమ్మా. ఇంక నిన్నేం చేస్తాది? నువ్వే సూసుకో."

చూసుకున్నాను. నాకు మళ్ళీ రాలేదు. ఆ ఒక్క వానాకాలంతో బంధువుల్లో నా పేరు నిలిచిపోయింది.

తర్వాత అత్త పోయింది, మా ఆయనా పోయాడు. పిల్లలు లేరు. పొద్దున వండిన పిడికెడు అన్నమే రాత్రికీ మిగిలేది. అంగట్లో ఉప్పు అడగడానికి తప్ప నోరు విప్పే పని ఉండేది కాదు. అయితే నిమ్మనపల్లెలోనో కుప్పంలోనో ఎవరైనా దగ్గితే నాకు కబురొచ్చేది. మిరియాలు, శొంఠి సంచిలో వేసుకొని బస్సెక్కేదాన్ని. జ్వరం ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో నాకొక చాప, ఒక చెంబు, పలకరించే గొంతులు. తగ్గగానే రవికగుడ్డ పెట్టి పంపేవాళ్ళు. ఎవరికీ జ్వరం రావాలని నేను కోరుకోలేదు. కానీ మబ్బు పట్టగానే సంచి దులిపి కొక్కేనికి తగిలించేదాన్ని.

పందిజ్వరమని టీవీల్లో చెప్పిన ఏడాది కుప్పంలో మా తోటికోడలు పడిపోయింది. వెళ్ళాను. ఆమె లేచేలోపే నా ఒళ్ళు కాలిపోయింది. మంచం మీద నుంచి నన్ను వింతగా చూసింది.

"నీకెట్లొస్తాదక్కా? నీకు ఎప్పుడో వచ్చి పోయింది గదా."

ఏదో అబద్ధం ఆడి దొరికిపోయినట్టు సిగ్గేసింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకొని పుంగనూరు చేరాను. అక్కడ నా పక్కన కూర్చోవడానికి ఎవరూ లేరు. ఆ పని చేసే మనిషిని నేనే మరి.

జ్వరం దిగినా ఆయాసం పోకపోతే మదనపల్లెలో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నాకు మళ్ళీ ఎందుకొచ్చిందని అడిగాను. తట్టు లాంటివి ఎన్నేళ్ళయినా దాదాపు ఒకే మొహంతో వస్తాయట, ఒళ్ళు గుర్తుపట్టేస్తుందట. దగ్గుజ్వరం పురుగు అలా కాదట. మనిషి లోపల తనలాంటివే లెక్కలేనన్ని పుట్టిస్తుంది, వాటిలో కొన్నింటికి పోలిక కొంచెం తప్పుతుంది. ఒళ్ళు గుర్తుపట్టలేని పోలికే నిలిచి నలుగురికీ పాకుతుంది. నేను తెల్లమొహం వేస్తే ఆయన నవ్వాడు.

"టమేటా విత్తనం ఇంట్లోనే ఎత్తిపెట్టి ఏటేటా నాటితే, కాయ అట్లే ఉంటాదా అమ్మా?"

ఉండదు. అది నాకు తెలుసు. మొదట నున్నగా గుండ్రంగా కాసిందే, పోనుపోను గట్లు తేలి కాస్తుంది. ఈసారిది అట్లా కొంచెం మారింది కూడా కాదు, పందుల్లోంచి వచ్చిన కొత్త రకం, దాన్ని చూసిన గుర్తే నీ ఒంటికి లేదన్నాడు.

కొన్నాళ్ళకే తోటికోడలు ఫోను చేసింది. నిమ్మనపల్లెలో మా ఆడబిడ్డకు దగ్గు పట్టుకుందట. నేను నీరసంగా ఉన్నానని తన కోడల్ని పంపుతుందట. ఆ పిల్ల కడుపుతో ఉంది. పోయిన వానాకాలం దగ్గుజ్వరం వచ్చి తగ్గిన పిల్లే కాబట్టి భయం లేదంది.

వచ్చి పోయినా మళ్ళీ వస్తుందని చెబితే, ఇక నన్ను పిలవడానికి కారణమేముంది?

"పంపొద్దమ్మా," అన్నాను. "వచ్చి పోయినోళ్ళకీ వస్తాది. నాకు రాలా? అది మారిపోతా ఉంటాదంట. ఆ పిల్ల వట్టి మనిషి కూడా కాదు."

డాక్టరు చెప్పిందంతా టమేటా విత్తనంతో సహా చెప్పాను. కోడల్ని పంపలేదు. మొగుడు మూతికి గుడ్డ కట్టుకొని కాచిన గంజి తాగే ఆడబిడ్డ లేచింది.

మరుసటి వానాకాలం కుప్పం నుంచి ఫోను. తోటికోడలి గొంతులో దగ్గు వినబడగానే కొక్కెం మీది సంచి అందుకున్నాను.

"ఊరికే చెప్దామని చేసినానక్కా. నువ్వు మాత్రం రావద్దు. నీకూ వస్తాది గదా."

నా మంచికే చెప్పింది. సంచిలోని మిరియాలు తీసి డబ్బాలో పోశాను. ఆ పూట చారులో అవి ఎక్కువే పడ్డాయి. ఘాటైందని అనడానికి ఎవరూ లేరు.