నా కళ్లకు అంతా పసుపే

ఆ రోజు స్వర్ణముఖి ఏట్లో రంగుగుడ్డ జాడించి, భుజాన వేసుకుని గట్టెక్కుతుంటే సగంలోనే ఊపిరి అందలేదు. తడిగుడ్డ బరువనుకుని ఇసుకలో కూలబడ్డాను. కాసేపటికి చూసుకుంటే పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగి ఉన్నాయి.

శ్రీకాళహస్తిలో నేను కలంకారీ పని చేసేదాన్ని. మా ఆయన పోయాక ఒంటిగదిలో ఒక్కదాన్నే. పిల్లలు లేరు. పడుకుంటే దగ్గు వస్తుందని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. అదేమని అడిగేవాళ్లు లేక, అది జబ్బని నాకూ చాన్నాళ్లు తోచలేదు.

చివరికి బస్సెక్కి తిరుపతి పెద్దాసుపత్రికి పోయాను. బీపీ చూశారు. ఈసీజీ, ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టుకుని, "బీపీ చాలా ఏండ్లుగా ఉన్నట్టుండాదమ్మా. ఆ ఒత్తిడికి ఎదురుతోసీ తోసీ గుండె పెద్దదైపోయింది. హార్ట్ ఫెయిల్యూర్ అంటాము," అన్నారు.

"ఫెయిలంటే ఆగిపోతాదా సామీ?"

"ఆగిపోతే నాతో ఎట్లా మాట్లాడతావు? అలిసిపోయింది, అంతే."

మందుల సంగతి ఆయనే చెప్పారు. మిథైల్‌డోపా అనే బీపీ మాత్ర రక్తనాళాలను వదులు చేస్తుంది, గుండెకు బరువు తగ్గుతుంది. నీళ్ల మాత్ర ఒంట్లో నిలిచిన ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపేస్తుంది. డిగాక్సిన్ గుండెను నిదానంగా, గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది. వీటితోపాటు పొటాషియం సిరప్ కూడా రాశారు. ఉప్పు మానమన్నారు.

వాపు దిగింది. పడుకుని నిద్రపోగలిగాను. కానీ నాది ఉప్పు లేని కూడు కావడంతో పక్కింటి మునెమ్మ నుంచి కూరగిన్నె రావడం ఆగిపోయింది. నీళ్ల మాత్ర వేసుకున్న పూట మాటిమాటికీ పెరట్లోకి పరుగెత్తాలి గనక పెళ్లికీ పేరంటానికీ పోవడం మానుకున్నాను. మొదట్లో రమ్మనేవాళ్లు. తర్వాత పిలవడమూ మానేశారు.

సిరప్ తాగితే కడుపులో మంట. మానేశాను. తాగినావా లేదా అని అడగడానికి ఇంట్లో ఎవరున్నారు?

కొన్నాళ్లకు అన్నం చూస్తే వికారం, వాంతులు. వయసు మీదపడుతోందనుకున్నాను. గుడ్డలన్నీ పసుపుబారినట్టు కనిపిస్తుంటే, బొమ్మ వేసేముందు గుడ్డను నానబెట్టే కరక్కాయ నీళ్లు చిక్కగా పడ్డాయనుకున్నాను. గోడ సున్నమూ పసుపుగానే ఉంది. ఎండ అనుకున్నాను.

గుడ్డలు కొనే మునిరత్నం వచ్చి, నేను ముగించిన అమ్మవారి బొమ్మను పరిచి చూశాడు.

"ఏమక్కా, నగలకు పసుపు వెయ్యకుండానే ఇస్తా ఉండావే?"

"వేసినానప్పా, సరిగా సూడు."

"యాడ వేసినావు? తెల్లగా ఉండాది కదా."

గోడ వైపు చూపించి, "అది ఏ రంగప్పా?" అని అడిగాను.

అతను నా ముఖం వంక చూసి, "అక్కా, ఈ పొద్దే ఆస్పత్రికి పో," అన్నాడు. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

ఆసుపత్రిలో నాడి చూసి నర్సమ్మ డాక్టరుగారిని పిలిచింది. "నీతో ఎవరొచ్చినారమ్మా?" అని అడిగింది. ఎవరూ లేరన్నాను. మళ్లీ అడగలేదు.

"సిరప్ తాగలేదు కదూ?" అన్నారు డాక్టరుగారు. "నీళ్ల మాత్ర పొటాషియాన్ని కూడా బయటికి తోసేస్తుంది. అది తగ్గితే డిగాక్సిన్ మందే విషమవుతుంది. వికారం, కంటికి పసుపు, నాడి గతి తప్పడం, అన్నీ దానివే. ఇంకా ఆలస్యమై ఉంటే గుండె ఆగేది."

డిగాక్సిన్ ఆపి పొటాషియం ఇచ్చారు. మాటిమాటికీ ఈసీజీ తీశారు. సాయంత్రాలు పక్క మంచం చుట్టూ చుట్టాలు చేరి, తలా ఒక మాట అడిగేవాళ్లు. నేను అటు తిరిగి పడుకునేదాన్ని. ఒక ఉదయం లేచేసరికి దిండు గలీబు తెల్లగా కనిపించింది. ఆ మాట చెప్పడానికి నర్సమ్మ వచ్చేదాకా ఎదురుచూశాను.

ఇప్పుడు డిగాక్సిన్ మళ్లీ మొదలుపెట్టి, మోతాదు తగ్గించారు. సిరప్‌ను నీళ్లలో బాగా పల్చగా కలుపుకుని, తిన్న తర్వాత తాగుతున్నాను. మంట లేదు. ఏటికి పోవడం లేదు. కూర్చుని బొమ్మలు మాత్రం వేస్తున్నాను.

ఒంటరిగా ఉంటూ గుండెమాత్రలు వాడేవాళ్లకు ఒక మాట. ఏ మందూ సొంతంగా మానకండి. తిండి సయించకపోయినా, రంగులు మారినట్టున్నా డాక్టరుకు చెప్పండి. అడిగేవాళ్లు లేకపోతే మనమే పోయి ఎవరికో ఒకరికి చెప్పాలి. నేను రోజూ పొద్దున మునెమ్మ వాకిట్లో నిలబడి ఏం తిన్నానో, ఎట్లా ఉన్నానో చెబుతాను. ఆమె ముగ్గు వేస్తూనే, తలెత్తకుండా, "ఊఁ, చెప్పక్కా," అంటుంది.