దొరసానికి ఊరు చూపించిన రోజు

ఆమె నన్ను ఆపా అని పిలిచేది. అక్క అన్నమాట. నేను ఆమెను చెల్లె అనేదాన్ని. ఐదేళ్లు ఒకే స్టాఫ్ రూములో ఒకే బల్లకు అటొకరం ఇటొకరం కూర్చున్నాం. మా ఇంటి సేమియా ఆమె తిన్నది, వాళ్లింటి జొన్నరొట్టె నేను తిన్నాను. అలాంటి మనిషి నన్ను నమ్మించి గొంతు కోస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఇంత వయసు వచ్చినా ఆ సంగతి తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. దాచుకోవలసిన పని లేదు.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లే అయింది. మెదక్‌లో ఆడపిల్లల హైస్కూల్లో మేమిద్దరం సైన్సు చెప్పేవాళ్లం. నేను పై తరగతులకు, ఆమె కింది తరగతులకు. ఒకరోజు హెడ్‌మిస్ట్రెస్ మమ్మల్ని పిలిచి, విదేశంలోని ఒక యూనివర్సిటీ నుంచి ఒక దొరసాని వస్తోందని చెప్పింది. జిల్లా నుంచి ఒక్క సైన్సు టీచర్‌ను ఎంచుకుని ఏడాదిపాటు అక్కడ చదివిస్తారట. తిరిగి వచ్చాక ట్రైనింగ్ స్కూల్లో ఉద్యోగం. ఉన్నది ఒక్క సీటు. అది నాకు కావాలి. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ నేను దేన్నీ అంతగా కోరుకోలేదు.

మాది బజార్లో కళాయి పని చేసే ఇల్లు. మా నాన్నను మేము అబ్బా అనేవాళ్లం. రాగి, ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూత పూయడం ఆయన పని. పూత అంటుకోవడానికి చల్లే నవసాగరం పొగకు ఆయన కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. మా చుట్టాల్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేనే, దానికే అబ్బా ఎన్నో మాటలు పడ్డాడు. సముద్రం దాటి పోతానంటే ఏమంటాడో అని నేను భయపడుతూ అడిగాను. మూడో రోజు దుకాణం మూసి, దరఖాస్తు మీద అంటించే ఫోటో కోసం నన్ను స్టూడియోకు తీసుకుపోయాడు. నాకు తోడుగా ఆమె కూడా వచ్చింది. అబ్బా గుమ్మం బయట నిలబడి ఉంటే, లోపల నా కొంగు సర్దింది ఆమే. ఇది గుర్తు పెట్టుకోండి.

మా ఇళ్లలో ఒక మర్యాద ఉంది. తన గొప్ప తాను చెప్పుకోకూడదు. ఎవరైనా మన వస్తువును మెచ్చుకుంటే, అది మీదే అనుకోండి అనాలి. మనల్ని మెచ్చుకుంటే, నాదేముంది, అంతా ఫలానా వారి దయ అనాలి. ఆ ఫలానా వారు మన గురించి నాలుగు మంచి మాటలు చెబుతారు. అలా అందరి పనీ జరిగిపోతుంది. ఆమెకు ఈ మర్యాద నా దగ్గరే అబ్బింది. దొరసాని వచ్చే ముందు ఆమే అన్నది:

"ఆపా, మన గురించి మనమే చెప్పుకుంటే మంచిగుండది. నీ గురించి నేను చెప్త, నా గురించి నువ్వు చెప్పు."

ఎంత మంచి పిల్ల అనుకున్నాను. నా మొహం!

శుక్రవారం దొరసాని మా ఇద్దరి పాఠాలూ విన్నది. ఆ రోజు నేను గుండె గురించి చెప్పాను. అబ్బా దుకాణంలో మిగిలిన రాగిరేకు ముక్కలతో నేను గుండె బొమ్మ ఒకటి చేయించాను. దానికి సైకిల్ షాపు రబ్బరు గొట్టాలు తగిలించి, కొలిమి తిత్తితో గాలి కొడితే ఎర్రనీళ్లు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయేవి. పిల్లలు బెంచీలెక్కి చూశారు. దొరసాని కూడా లేచి వచ్చి వంగి చూసింది. ఆ సాయంత్రం చర్చి కాంపౌండ్ బంగళాలో దొరసానితో టీ తాగడానికి హెడ్‌మిస్ట్రెస్ చెల్లెను పంపింది. మర్నాడు దొరసానికి తీరిక, ఊరు చూపించే పని నాకు అప్పగించింది. చీకటి పడకముందే చెల్లె మా ఇంటికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "చెప్పిన ఆపా, నీ గురించి అంత చెప్పిన. ఇగ పరేషాన్ కాకు" అన్నది.

శనివారం పొద్దున్నే రిక్షా కట్టించుకుని బంగళాకు పోయాను. దొరసాని పొడుగాటి మనిషి, నూలు గౌను, గడ్డి టోపీ, మెడలో కెమెరా. ఈ రోజు తనకు సెలవనీ, పని మాట ఎత్తవద్దనీ, స్నేహితుల్లా తిరుగుదామనీ అన్నది. సెలవు ఆమెకు గానీ నాకెక్కడిది? ఆ రోజంతా పరీక్ష రాస్తున్నట్టే తిరిగాను.

అంగడి రోజు కావడంతో బజార్లో కాలు పెట్టే సందు లేదు. పాపన్నపేట బండ్లు, మిర్చి రాసులు, గొంగళ్లు, కోళ్ల గంపలు. మా వెనక సగం ఊరు నడిచింది. ఆమె ప్రతిదాని దగ్గరా ఆగేది. జొన్నలు పిడికిట్లోకి తీసుకుని వాసన చూసింది. గాజుల దుకాణం ముందు చెయ్యి చాపి కూర్చుంది. ఎన్ని తంటాలు పడ్డా ఒక్క గాజు కూడా కణుపులు దాటలేదు. గాజులామె విసిగిపోయి, గిది గాజులేసే చెయ్యి కాదు, గొడ్డలి పట్టే చెయ్యి అన్నది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఏమన్నదని దొరసాని అడిగింది. మీది బలమైన చెయ్యి అంటోంది అని ఇంగ్లీషులో చెప్పాను. దొరసాని మురిసిపోయింది. ఆ రోజంతా నా తర్జుమా అలాగే సాగింది. ఎవరు ఏం మోటుగా అన్నా, నేను నున్నగా చేసి ఆమె చేతిలో పెట్టాను.

ఖిల్లా ఎక్కేటప్పుడు చెల్లె గురించి మొదలుపెట్టాను. ఆమె ఓపిక, ఆమె తెలివి, పిల్లలు ఆమె చుట్టూ ఎలా మూగుతారో అంతా చెప్పాను. ఆమె నా కోసం అంత చెప్పి వచ్చినప్పుడు, నేను తక్కువ చేస్తే ఎలా? పైన రాతి మీద కూర్చుని దొరసాని ఊరంతా చూసింది. చర్చి గోపురం, వరి మళ్లు, మా బజారు పెంకులు. నీకు ఈ ఊరంటే చాలా ఇష్టం కదూ అన్నది. అవును, ఇది మా ఊరు అన్నాను. మీ నాన్నగారికి నువ్వు తోడుగా ఉండాలి కదూ అన్నది. నేనొక్కదాన్నే ఆయనకు, నేను లేకపోతే ఆయనకు అన్నం కూడా సయించదు అన్నాను. అబ్బా గురించి ఆ మాత్రం చెప్పకపోతే ఏం కూతుర్ని? ఆమె ఏదో అడగబోయి ఆగింది. నా భుజం మీద చెయ్యి వేసి ఊరుకుంది.

మధ్యాహ్నం దుకాణానికి తీసుకువెళ్లాను. అబ్బా పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నాడు. ఉతికిన షేర్వాణీ వేసుకున్నాడు, కొత్త గోనెపట్టా పరిచాడు, హోటల్ నుంచి చాయ్ తెప్పించాడు. ఒక ఇత్తడి గిన్నెను బొగ్గుల మీద తిప్పి, తగరం రాసి, దూదితో ఒక్క చుట్టు చుట్టేసరికి లోపలంతా వెండిలా మెరిసింది. దొరసాని చప్పట్లు కొట్టింది. అప్పుడే మూలనున్న రాగిరేకులు చూసి, ఆ గుండె ఇక్కడే తయారైందా, ఆ ఆలోచన నీదేనా అని అడిగింది.

నాదే అని ఒక్క మాట అంటే సరిపోయేది. నా నోరు దానంతటది మర్యాద చేసింది. నాదేముంది, మా అబ్బా రేకు వంచాడు, ఆలోచన అంతా మా చిన్న టీచర్‌ది అన్నాను. దొరసాని జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకుంది. అది అబద్ధం అని కూడా నాకు తోచలేదు. ఆమె దగ్గర నా గుండె సంగతి చెల్లె నిన్ననే చెప్పి ఉంటుంది కదా, ఇది ఉత్త మర్యాద అని దొరసానికి అర్థమవుతుందిలే అనుకున్నాను.

దొరసాని చాయ్ సాసర్‌లో పోసుకుని తాగుతుండగా, అబ్బా చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. ఆయన ఆ మాట కోసం పొద్దుటి నుంచీ తయారవుతున్నాడని నాకు తర్వాత తెలిసింది. ఉర్దూలో, నెమ్మదిగా, ఆమె మొహం చూస్తూ అన్నాడు:

"జరా ఆమెకు చెప్పు బేటీ. మా వాళ్లు ఏమన్నా అననీ. నా బిడ్డను నేను పంపిస్త."

నాకు తల కొట్టేసినట్టయింది. సీటు ఇవ్వకముందే పంపిస్తానంటే, ఇవ్వమని చెయ్యి చాపినట్టే కదా! దొరసాని నా వైపు చూసింది. ఊరు మీకు నచ్చిందా అని అడుగుతున్నాడు అన్నాను. చాలా నచ్చిందని ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి తన మాట ఆమెకు ముట్టిందనుకుని అబ్బా కూడా నవ్వి, సలాం చేసి కూర్చున్నాడు.

బంగళా దగ్గర దిగేటప్పుడు దొరసాని నన్ను కావలించుకుంది. సీటు నాదే అనుకుంటూ ఇంటికి వచ్చాను.

నెల తర్వాత హెడ్‌మిస్ట్రెస్ పేర ఉత్తరం వచ్చింది. సీటు చెల్లెకు. అదే కవరులో నాకు వేరే ఉత్తరం. ఆ శనివారం తన ప్రయాణంలో అన్నిటికంటే మంచి రోజని దొరసాని రాసింది. మీ ఆచారం వల్ల మీ నాన్నగారు నిన్ను పంపరని, అది చెప్పుకోవడం నీకు నామోషీ అని, దయచేసి అడగవద్దని నీ స్నేహితురాలు శుక్రవారం టీ దగ్గరే చెప్పింది, అందుకే ఆ మాట ఎత్తి నిన్ను బాధపెట్టలేదు అని రాసింది. నీ చోటు పోతున్నా స్నేహితురాలిని రోజంతా మెచ్చుకున్న నీ మనసు గొప్పది అని కూడా రాసింది.

ఉత్తరం పట్టుకుని స్టాఫ్ రూముకు పోయాను.

"ఫోటో దిగిననాడు నా కొంగు సర్దినవ్ గదా," అన్నాను. "అబ్బా బయట నిలబడ్డది చూసినవ్ గదా. ఆయన పంపిస్తడని నీకు ఎరుకే గదా."

"ఎరుకే," అన్నది తలవంచుకుని. "నీకు అబ్బా ఉన్నడు ఆపా. నేను అన్న ఇంట్ల వదిన చేతి కింద బతుకుతున్న. నాకు ఇంకోసారి రాదు."

నాకు మాత్రం వస్తుందా అని అడిగాను. ఇక నీ మొహం చూడనని చెప్పి బల్ల మార్చుకున్నాను. ఆమె చేసిన పని పాపం. ఆనాడు అన్నాను, ఈనాడూ అంటాను.

అబ్బాకు మాత్రం సీటు చెల్లెకు వచ్చిందని చెప్పి ఊరుకున్నాను. ఆయన తిత్తి ఊదుతూనే, నేను నా నోటితో చెప్పినా ఇయ్యలేదా, కళాయివాడి మాట ఏం లెక్క అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పలేకపోయాను.

ఆమె ప్రయాణానికి ముందురోజు అబ్బానే కబురు పెట్టి ఆమెను దుకాణానికి పిలిపించాడు. నేను వెళ్లేసరికి ఆమె గోనెపట్టా మీద ముడుచుకుని కూర్చుని ఉంది. అబ్బా ఇత్తడి టిఫిన్ క్యారియర్ ఒకటి ముందు పెట్టాడు. ఫోటో దిగిన మర్నాడే ఆయన నా కోసం తోమి, కళాయి వేసి ఉంచినది. నాలుగు గిన్నెలూ మూతలు తీసి చూపించాడు.

"మా బేటీకని చేసిన," అన్నాడు తెలుగులో. "నా బిడ్డను పంపిస్తనని దొరసానికి గీడనే నిలబడి చెప్పిన. ఆమె నవ్వింది గని సీటు నీకిచ్చింది. ఏం కాదు. నువ్వు సుత నా బిడ్డవే. తీస్కపో."

ఆమె తల ఎత్తింది. అబ్బా వైపు కాదు, నా వైపు చూసింది. నెల రోజుల తర్వాత నా కళ్లలోకి చూడటం అదే మొదలు.

"గా మాట దొరసానికి చెప్పినవా ఆపా?" అని మెల్లగా అడిగింది.

నేను గిన్నెల మీద మూతలు పెట్టసాగాను. ఎందుకు చెప్పదు, నా ముందరనే చెప్పింది అని అబ్బా నా తరఫున జవాబు ఇచ్చి, టిఫిన్ క్యారియర్‌ను పాతగుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.