మేనల్లుళ్ళు లేని మావయ్య

ఇందుమూలముగా మా వీధిలోని యావన్మందికీ తెలియజేయడమేమనగా, పక్క క్వార్టరు వరండాలోని మడత కుర్చీలో ఇకమీదట ఎవరైనా కూర్చోవచ్చు, కాళ్ళు చాపుకోవచ్చు, తమలపాకు తొడిమలు కింద పారేయవచ్చు. కసిరేవారు లేరు. మావయ్య మొన్న సోమవారం పోయారు.

ఆయన నాకు చుట్టం కాదు. విజయనగరం వైపు నుంచి ఇద్దరం భిలాయి ప్లాంటు పనికి వచ్చాం. ఆయనకు పెళ్ళి లేదు, తోడబుట్టినవాళ్ళు లేరు. ఆదివారం సాయంత్రాలు ఆ కుర్చీలో కూర్చుని తెలుగు సగం, హిందీ సగం కలిపి వనవాసం కథ చెప్పేవారు. తెలుగువాళ్ళందరం మావయ్యా అనేవాళ్ళం. మర్యాద పిలుపు, అంతే.

ఒక దసరా నాడు నేను ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే, దగ్గరి పల్లె ఉతై నుంచి ప్లాంటు పనికొచ్చే భయ్యా నా చెయ్యి వెనక్కి లాగాడు.

"పాప్ లగేగా భయ్యా, పాపం తగులుతుంది. మామా కాళ్ళు భాంజా ముడతాడా?"

భాంజా అంటే మేనల్లుడు. కథలో అడవికి వెళ్ళిన కొడుకు తల్లి ఈ కోసల నేల ఆడపడుచని ఇక్కడివాళ్ళ నమ్మకం. అందుచేత ఆ కొడుకు వీళ్ళందరికీ మేనల్లుడు. ఎవరి మేనల్లుడైనా అతనితో సమానమే. మామే వంగి మొక్కాలి.

"ఏటీ, ఈడి కాళ్ళు నేను మొక్కాల?" అన్నారు మావయ్య. "ముందు కడుక్కు రమ్మను."

అందరం నవ్వాం. ఆయన మాత్రం మెల్లగా అడిగారు. "అప్పచెల్లెళ్ళు లేనోడి మాటేటి భయ్యా?"

ఉతై భయ్యా ఆయన చేతిలో ఒక తమలపాకు పెట్టాడు.

ఆ చలికాలం ప్లాంటులో పనిచేసే రష్యా ఇంజనీరు ఒకతను కథ వినడానికి వచ్చాడు. రష్యా మాటలు నాలుగు ముక్కలు వచ్చని నేనే దుబాసీని. వాళ్ళ అవ్వ కూడా ఇలాగే పెద్ద వీరగాథ చెప్పేదట. కొడుకు ఇల్లు విడిచి వెళుతుంటే తల్లి గుమ్మంలో నిలబడుతుందట.

"ఆ తల్లికి తమ్ముడున్నాడేటో అడగరా" అన్నారు మావయ్య.

ఇంజనీరుతో ఏదో గొణిగి ఇటు తిరిగాను. "ఉన్నాడట మావయ్యా. తోడబుట్టినవాడు కాదట. తమ్ముడూ అని ఆవిడ పిలిచే పొరుగువాడట. అతనే వంగి, మేనల్లుడి కాళ్ళు మొక్కి సాగనంపాడట."

మావయ్య లేచి వెళ్ళి రష్యా అతని బూట్లు ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. అతను కంగారుపడి వెనక్కి జరిగాడు. తరవాత ఏమనుకున్నాడో, ఆయన్ని గట్టిగా కావలించుకున్నాడు.

అప్పటి నుంచి కథ మొదలెట్టే ముందు మావయ్య అనేవారు: "అమ్మ గుమ్మంలో నిలబడిందంటే ఏ దేశం కతైనా మనదేరా. ఆడు మంచులో నడిసినాడు, ఈడు ఎండలో నడిసినాడు." దసరా వస్తే మా అందరి కాళ్ళకూ మొక్కబోయేవారు. మేం పారిపోయేవాళ్ళం.

సోమవారం శ్మశానంలో కొరివి ఎవరు పెడతారని అడిగారు. "భాంజా ఉన్నాడుగా" అని ఉతై భయ్యా నన్ను ముందుకు తోశాడు. దండం పెట్టడానికి మావయ్య పాదాల దగ్గర వంగాను. ఈసారి భయ్యా నా చెయ్యి లాగలేదు.

ఇంజనీరు చెప్పింది గుమ్మం వరకే. తమ్ముడి సంగతి నేనసలు అడగనే లేదు. అడిగే మాటలు నాకు రావు. అతని కథలో గుమ్మంలో తల్లి ఒక్కతే నిలబడి ఉంది. ఆవిడ పక్కన మావయ్యను నేనే నిలబెట్టాను.