దాటకూడని కర్ర

సినిమా సామాన్ల వ్యాను మలుపు దగ్గర బురదలో దిగబడి ఆగిపోయింది. డ్రైవరు ఇంజన్ని నానా తిట్లూ తిడుతున్నాడు. వెనక తలుపు తోసుకుని మేస్త్రి కిందికి దిగాడు. సినిమాలకు మూసలు పోయడం ఆయన పని. విరిగిపడే స్తంభాలు, దొర్లే బండరాళ్ళు, తెగిపడే తలలు పోసి పోసి ముప్ఫై ఏళ్ళలో ఆయన వేళ్ళ సందులకు ప్లాస్టరు రంగు వచ్చేసింది. ఈసారి పోసినవి పులి పాదాలు. మనుషుల్ని తినే పులిని ఒక వీరుడు వెంటాడి చంపే సినిమా అది. పులిని కంప్యూటర్లో చేసుకుంటారట గానీ, దాని అడుగుజాడలు మాత్రం నిజం బురదలో నిజంగా పడాలని డైరెక్టరు పట్టుదల.

రోడ్డు పక్కన ఒక ముసలావిడ గొంతుక్కూర్చుని బురదకేసి చూస్తోంది.

"ఏం పోయింది పెద్దమ్మా?" అన్నాడు మేస్త్రి.

"నాదేం పోలేదు. మీ బండి వెనక ఎడమ చక్రంలో గాలి పోయింది. ఇప్పుడు కాదు, ఆ పై మలుపులోనే పోయింది. తిట్టాల్సింది ఇంజన్ని కాదని ఆ అబ్బాయికి చెప్పు."

చూస్తే నిజమే. డ్రైవరు నోరు మూసుకుని జాకీ తీశాడు. ఈలోగా ముసలావిడ వ్యాను వెనక్కి వచ్చి లోపలికి తొంగి చూసింది. గడ్డి మీద వరసగా నాలుగు పాదాలు ఆరుతున్నాయి. వాటిని చూసి ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే చివరికి తలుపు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

"ఎందుకమ్మా నవ్వు?"

"నాలుగూ ఎడమ ముందుకాళ్ళే కదయ్యా! పాపం, ఈ పులి ఎట్లా నడుస్తుంది? నువ్వెప్పుడైనా రెండు ఎడమ చెప్పులు వేసుకుని నడిచావా?"

మేస్త్రి మొహం మాడిపోయింది. ఒక మూస చేసి నాలుగుసార్లు పోశాడు. స్తంభాలకి అలాగే చేస్తారు మరి. ఒక మూసలో నలభై స్తంభాలు పోసినా సభామండపం నిలబడుతుంది. కాళ్ళకి కుడీ ఎడమా ఉంటాయన్న సంగతి ఇంత అనుభవంలోనూ ఆయనకు తట్టలేదు. ఎల్లుండే షూటింగు. ఈ మాట డైరెక్టరు చెవిన పడితే పరువు గంగలో కలుస్తుంది.

"మీకు జాడలు తెలుసా?"

"మా నాన్న వేటగాళ్ళకి జాడ చూసేవాడు. నాకు పలక మీద అక్షరాలకంటే ముందు ఇవే వచ్చాయి." ఆవిడ నవ్వు ఆపింది. "మీ సినిమాలో జాడ చూసేవాడు ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఏం చేస్తాడు?"

"నాకెవరు చెప్తారమ్మా కథ? నేను కాళ్ళ మనిషిని."

"అయితే వస్తాను పద. వాణ్ణి ఏం చేస్తున్నారో చూడాలి."

అడగకుండానే వ్యాను ఎక్కి పాదాల పక్కన కూర్చుంది.

వేట గురించి పుస్తకాలు చాలానే ఉన్నాయి. చదివేకొద్దీ ఒక సంగతి బయటపడుతుంది: అన్నీ తుపాకీ పట్టినవాళ్ళు రాసుకున్నవే. తుపాకీ ఏ దేశంలో తయారైందో, ఆ పూట టీ ఎంత వేడిగా ఉందో, పులి పొడవు ముక్కు నుంచి తోకదాకా ఎంతో, అన్నీ ఉంటాయి. ఆ పులి దగ్గరికి దారి చూపించినవాడు మాత్రం "మా వెంట వచ్చిన ఒకడు" అయి ఒక్క వాక్యంలో సర్దుకుపోతాడు. పులి దొరికితే అది గురి గొప్పదనం. దొరకకపోతే ఆ ఒకడిది తప్పు.

మేస్త్రి పనిచేసే రేకుల షెడ్డు అడవి అంచునే వేశారు. ఒక మూల మట్టి కుప్ప, ఒక మూల ప్లాస్టరు బస్తాలు, నడుమ తలలేని విగ్రహం ఒకటి. విగ్రహం చేతికి తన సంచీ తగిలించి ఆవిడ పనిలోకి దిగింది. ముందుకాలు వెడల్పు, వెనక్కాలు కాస్త చిన్నదీ కోలదీ. వేళ్ళలో ముందుకు పొడుచుకొచ్చిన వేలు ఏ పక్కన ఉందో చూస్తే కుడో ఎడమో చెప్పేయొచ్చు. అన్నిటికంటే ముఖ్యం నడక. తీరిగ్గా నడిచే పులి ముందుకాలు వేసిన చోటే వెనక్కాలు వేస్తుంది. ఒకసారి చూసి నమ్మిన నేలని రెండోసారి వాడుకుంటుంది. మనుషులకి ఆ పొదుపు లేదు. ముందు చక్రం తప్పించుకున్న గోతిలో వెనక చక్రం పడేస్తారు.

"ఇంత విద్య ఉండి ఏం పని చేశారమ్మా ఇన్నాళ్ళూ?" అడిగాడు మేస్త్రి మట్టి పిసుకుతూ.

"మొక్కల తోటలో ప్లాస్టిక్ సంచులకి మట్టి నింపాను. ముప్ఫై ఒక్క సంవత్సరాలు. ఇప్పుడు పొద్దున్నే రోడ్డు చదువుతాను. ఎవరి సైకిలు ఎవరింటి ముందు ఆగిందో, ఎవరు చీకట్లో చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళారో, అంతా రాసి ఉంటుంది. అందుకే నాకు చుట్టాలు తక్కువ."

మేస్త్రి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. మూడో పాదం పోస్తుండగా అసలు సంగతి చెప్పింది. ఆవిడకి పంతొమ్మిదేళ్ళప్పుడు ముగ్గుర్ని తిన్న పులి ఒకటి తిరిగింది. దాని కుడి వెనక్కాలు దెబ్బతిని నేలమీద ఈడ్చుకుపోయేది. దాన్ని చంపడానికి పేరున్న వేటగాడు వచ్చాడు. నాన్నా, తనూ జాడ పట్టారు. మూడో రోజు వాగులో కొత్త అడుగులు కనిపించాయి. నాలుగు పాదాలూ శుభ్రంగా పడ్డాయి, ఎక్కడా ఈడ్పు లేదు. "ఇది ఆ జంతువు కాదు దొరా" అన్నాడు నాన్న. జాడ చూసేవాళ్ళకి ఒక పద్ధతి ఉండేది: జాడ తప్పనిపిస్తే చేతికర్రని దాని మీద అడ్డంగా పెట్టి పక్కకి తప్పుకుంటారు. ఆ కర్ర దాటితే వేటగాడి పాపం వేటగాడిదే. ఆ రోజు వేటగాడు కర్ర దాటాడు. ఏ పాపం ఎరగని ఆడపులిని కాల్చాడు. దండలు వేశారు, పేపర్లో ఫొటో వచ్చింది. ఆ తర్వాత నాలుగో రోజు గడ్డి కోస్తున్న ఒక ఇల్లాలిని అసలు పులి ఎత్తుకుపోయింది.

"అప్పుడు వేటగాడేమన్నాడో తెలుసా? జాడ చూసేవాడు పిరికివాడు, కావాలనే తప్పుదారి పట్టించాడు అన్నాడు. పేపర్లో అదీ వచ్చింది. ఆ తర్వాత మా నాన్నని ఎవరూ పిలవలేదు. రాళ్ళ క్వారీలో ఏడేళ్ళు రాళ్ళు మోసి పోయాడు. చివరి రోజు కూడా అదే అడిగాడు: 'నేను సరిగ్గానే చూశాను కదే?'"

మేస్త్రి చేతిలోని గిన్నెలో ప్లాస్టరు గట్టిపడిపోయింది.

షూటింగు రోజు ఎండిన వాగులో నేల తడిపి, చదును చేసి ఇచ్చారు. ఆవిడ తెల్లారగానే మొదలుపెట్టి సాయంత్రం నాలుగున్నరకల్లా నలభై అడుగుల జాడ వేసింది. ఆ పొద్దుటే కథ రాసిన కాగితం పట్టుకుని డైరెక్టరు మేస్త్రికి చెప్పాడు, పులి బలంగా ఉండాలి, అడుగులు నిండుగా పడాలి అని. అలాగే వేసింది. ప్రాణమున్న జంతువు ఇప్పుడే అటు వెళ్ళినట్టుంది. లైట్లవాళ్ళు కూడా దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

అప్పుడు రిహార్సలు మొదలైంది. జాడగాడి వేషం వేసిన నటుడు నేలకేసి చూసి, "ఇది ఆ పులి కాదు దొరా" అన్నాడు వణుకుతూ. హీరో అతని చెంప ఛెళ్ళుమనిపించాడు. "అబద్ధాలకోరు! ప్రాణభయంతో నన్ను తప్పుదారి పట్టిస్తావా?"

"అదిరింది!" అన్నాడు డైరెక్టరు. "ఇంటర్వెల్ ఇక్కడే. నిజంగా జరిగింది ఇది, పాత పేపర్లో చదివా."

మేస్త్రి ఆవిడ వైపు చూడలేకపోయాడు. ఆవిడ లేచి, చీర కొంగు బిగించి, తిన్నగా వెళ్ళి మొదటి అడుగు ముందు నిలబడింది.

"ఆ చెంపదెబ్బ తీసెయ్."

"ఎవరండీ ఈవిడ?"

"నీ పులి. నీకీ జాడ వేసింది నేను. ఆ జాడగాడు మా నాన్న. చెంపదెబ్బ తీసెయ్."

డైరెక్టరు చేతులు జోడించాడు, అందులో దండం కంటే విసుగు ఎక్కువుంది. "పెద్దమ్మగారూ, ఇది సినిమా. మీ నాన్నగారు వేరు, మా పాత్ర వేరు. పక్కకి రండి, ఎండ పోతోంది."

"పులిని నువ్వు ఎన్నిసార్లైనా చంపుకో, నాకెందుకు? మా నాన్న మీద చెయ్యి పడకూడదు. పడితే ఈ జాడ ఉండదు."

"ఉండక ఏం చేస్తారు, తొక్కేస్తారా? తొక్కండి చూద్దాం."

ఆవిడ తొక్కింది. కోపంగా కాదు, మడమ ఆనించి, తిప్పి, ఆ అడుగు ఇక అడుగు కాకుండా పోయేదాకా. తర్వాత రెండోది. మూడోది. కెమెరామన్ సూర్యుడికేసి చూసుకున్నాడు. మిగిలింది గంట వెలుతురు. నాలుగు, ఐదు, ఆరు.

"ఆపండమ్మా! మీకు పుణ్యముంటుంది, ఆపండి!"

డైరెక్టరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "సరే. దెబ్బ లేదు, తిట్టు లేదు. హీరో మాట్లాడకుండా వెళ్ళిపోతాడు. చాలా?" అని, పక్కకి తిరిగి అసిస్టెంటు చెవిలో గొణిగాడు: "వీపు మీద పెట్టు షాటు. తిట్టు డబ్బింగులో వేసుకుందాం."

మేస్త్రి పక్కనే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా సెట్లో ఎన్ని గొణుగుళ్ళు విన్నాడో లెక్కలేదు. విన్నవన్నీ అక్కడే వదిలేయడమే ఆయన ఉద్యోగం నిలబెట్టింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"పెద్దమ్మా! వీపు మీద తీసి, తర్వాత డబ్బింగులో తిట్టిస్తారట!"

"మేస్త్రీ! నీకు పని కావాలా, వద్దా?" డైరెక్టరు అరిచాడు.

"కావాలి సార్," అన్నాడు మేస్త్రి. "కానీ విన్నాను మరి."

ముసలావిడ ఒక్క క్షణం ఆలోచించింది. "వీపు మీద అయితే ఏ మాటైనా అతికించొచ్చు, అంతేనా? అయితే మొహం చూపించు. నోరు మూసుకున్న మొహం. మా నాన్న కర్ర అడ్డం పెట్టి తప్పుకుంటాడు. ఈ బాబు దాన్ని దాటి వెళ్తాడు. జరిగింది అదీ." ఏడో అడుగు మీద పాదం ఎత్తి అలాగే ఉంచింది. డెబ్బై దాటిన మనిషి, ఒంటికాలి మీద ఊగకుండా నిలబడింది.

డైరెక్టరు నోరు తెరిచేలోపు, అప్పటిదాకా దోమల్ని కొట్టుకుంటూ కుర్చీలో కూర్చున్న హీరో లేచాడు.

"నా మొహం క్లోజప్పా?"

"అవును బాబూ. దగ్గరగా."

"డైలాగు లేకుండా, కళ్ళతోనే?" హీరో గడ్డం నిమురుకున్నాడు. "ముందు కర్ర దాటే బూటు చూపించి, అక్కణ్ణించి మొహం మీదకి వస్తే... బావుంటుందయ్యా! చెంపదెబ్బ నేను పోయిన సినిమాలోనూ కొట్టా."

డైరెక్టరు నీరుగారిపోయాడు. హీరో బావుందన్నాక ఇంకెవరి మాట చెల్లుతుంది? సత్యానికి దారి దొరకడమే కష్టం. అది ఒక మనిషికి తన మొహం మీదున్న మోజులోంచి దొరికినా కాదనడానికి వీల్లేదు.

ఆవిడ కాలు దించింది, జాడ పక్కన. చెరిపిన ఆరింటినీ కెమెరాకి అందకుండా వదిలేశారు. జాడగాడి వేషం వేసిన నటుడికి కర్ర ఎలా పెట్టాలో ఆవిడే చూపించింది. విసిరెయ్యకూడదు, వంగి, రెండు చేతులతో, నిద్రపోతున్న బిడ్డని దించినట్టు దించాలి. "వణక్కు," అంది అతనితో. "మా నాన్న వణకలేదు."

యాక్షన్ అన్నారు. నటుడు అడుగుల్ని చూశాడు, తల అడ్డంగా ఊపాడు. "ఇది ఆ జంతువు కాదు దొరా." కర్ర దించాడు, నిటారుగా లేచి తప్పుకున్నాడు. హీరో పెదవులు బిగించి కర్ర దాటాడు. వెలుతురు సరిగ్గా అతని మొహం మీద పడింది. జాడలో ఎక్కడా ఈడ్పు లేదు. చూడగలిగినవాడికి ఆ సంగతి తెరంతా కనిపిస్తుంది.

"కట్! ఓకే!"

అందరూ మానిటరు చుట్టూ మూగారు. హీరో తన మొహాన్ని రెండోసారి వేయించుకున్నాడు, మూడోసారీ వేయించుకున్నాడు. డైరెక్టరు కూడా మెత్తబడి, "ఆవిణ్ణి రేపు కూడా రమ్మను మేస్త్రీ, కుంటి అడుగులు వేయించాలి," అన్నాడు.

మేస్త్రి వెనక్కి తిరిగాడు. ఆవిడ అప్పటికే షెడ్డుకెళ్ళి విగ్రహం చేతి నుంచి సంచీ తీసుకుంది. వాగు గట్టెక్కి రోడ్డు వైపు నడుస్తోంది. తొందర లేదు, ఆగడమూ లేదు. ఆవిడ ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పలేదు, తల కూడా తిప్పలేదు.