పేరు చెక్కిన పిచ్

మా ఊరి క్రికెట్ క్లబ్బుకు పాతికేళ్లు నిండిన రోజున నేను ఓపెనర్‌గా దిగి, ఒక్క బంతి కూడా ఆడకుండా, నాన్‌స్ట్రైకర్ వైపు నిలబడి ఒక యుద్ధమంతా దగ్గరుండి చూశాను. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటేడు అది. రాజధాని పోయినందుకు కూడా మా ఊళ్లో అంత రగడ జరగలేదు.

మా ఊరు పొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ మధ్య. చుట్టూ నల్లరేగడి. వాన పడిందంటే పొద్దున నిలబెట్టిన ఫీల్డరును సాయంత్రం పార తీసుకుపోయి తవ్వి తెచ్చుకోవలసిందే. అందుకని క్లబ్బు పెట్టిన ఏడు మా మేనమామ తన ఈడువాళ్లను వెంటేసుకుని, ఎర్రగుంట్ల వైపు నుంచి బండ్ల మీద నాపరాళ్లు తెచ్చి పిచ్ పరిచాడు. ఆ రాళ్ల మీద కొబ్బరినార చాప వేసి, అంచులకు మేకులు దిగ్గొట్టి ఆడేవాళ్లం. మొదటి మ్యాచిలో మొదటి బంతి ఆడింది మామే. ఆ బంతి పెన్న దాటిందని చెప్పేవాడు. అది ఏటేటా ఇంకొంచెం దూరం పోయేది. నాకు మీసాలొచ్చేసరికి చెన్నూరులో ఎవరి చేలోనో పడింది.

జమ్మలమడుగు తాలూకాఫీసులో గుమాస్తా ఆయన. ప్రమోషన్ కావాలని ఏనాడూ నోరు తెరిచి అడగలేదు. రజతోత్సవం మ్యాచిలో మొదటి బంతి కూడా తానే ఆడాలని మాత్రం ఊళ్లో కనపడిన మనిషికల్లా చెప్పాడు. మనుషులు అయిపోయాక ఎద్దులకు కూడా చెప్పాడంటారు.

అడ్డం పడింది క్లబ్బు ప్రెసిడెంటు. పొద్దుటూరులో బట్టల అంగడి ఆయనది. ఆయన పొట్ట పొద్దున బస్సుకు వస్తే ఆయన మధ్యాహ్నం బస్సుకు వచ్చేవాడు. ఆయనకూ మామకూ పగ. ఒకరి పెండ్లిలో ఇంకొకరి ఆకులో విరిగిన అప్పడం పడిందట, అదీ మొదలు. ఇద్దరూ ఎదురుపడితే నడుమ ఉన్న కోళ్లు గుడ్లు పెట్టడం మానేసేవి.

రజతోత్సవం జరిగే ఏడు ప్రెసిడెంటు గండి క్షేత్రానికి పోయి, గుడి దగ్గర రాళ్ల మీద దాతల పేర్లు చెక్కి ఉండటం చూశాడు. తిరిగొచ్చి, మా పిచ్‌లో బ్యాట్స్‌మన్‌కు కొంచెం ముందు, బంతి పడే చోట ఉన్న పాత రాయి పీకించి, తన పేరు చెక్కించిన కొత్త రాయి వేయించాడు. పేరొక్కటే కాదు, తండ్రి పేరు, అంగడి పేరు, పైన రెండు తామరపూలు. అక్షరాలు ఎంత లోతంటే, వాటిలో జొన్నలు పోస్తే ఇంటిల్లిపాదికీ ఒక పూట సంగటికి సరిపోయేవి.

మ్యాచి నాటి పొద్దున తాసిల్దారు జీపులో దిగాడు. పులివెందుల జట్టు వచ్చింది. జనం ఎంతమందంటే, పొద్దుటూరులో ఆ రోజు జేబుదొంగలకు కూడా పని దొరకలేదు. మామ పిచ్ దగ్గరికి పోయి చూశాడు.

"చాప యాడ?"

"చాప ల్యా, గీప ల్యా" అన్నాడు ప్రెసిడెంటు. "తాసిల్దారు సారు పేరు చూడాల గదా."

"పేరు కనపడాలంటే నీ అంగడి ముందర ఏసుకో పోప్పా. ఈడ బంతి పడాల."

"చచ్చినోనికి కప్పినట్ల నా పేరు మీద చాప కప్పుతావా? ఇంగో మాట. మొదటి బంతి నేనే ఆడతాండా."

"బ్యాటు యా పక్క పట్టుకుంటారో తెలుసునా నీకు?"

"తెలీకపోతే ఏమి? ప్రెసిడెంటును."

మామ మొహం నాపరాయి రంగుకు తిరిగింది. ఆయన కోపం వేడికి ముద్దనూరు స్టేషన్లో రైలు బొగ్గు లేకుండానే కదిలిందని తర్వాత అనుకున్నారు. కానీ తాసిల్దారు ఎదుట గుమాస్తా ఏమంటాడు? మొదటి వికెట్టు పడ్డాక దిగడానికి ఒప్పుకున్నాడు. మా వైపు పద్ధతేమంటే, బ్యాటింగు చేసే జట్టువాళ్లే అంపైర్లుగా నిలబడాలి. మామ తెల్లకోటు తొడుక్కుని నా పక్కన, బౌలరు వైపు అంపైరుగా నిలబడ్డాడు.

పులివెందుల బౌలరు పరుగు మొదలుపెడితే వేంపల్లెలో కుక్కలు మొరిగేవి. మొదటి బంతి సరిగ్గా ప్రెసిడెంటు తండ్రిగారి పేరు మీద పడి, నిట్టనిలువుగా లేచి, ఆయన సరిగంచు తలపాగాను ఎగరగొట్టుకుపోయింది. రెండోది తామరపువ్వుకు తగిలి పక్కటెముకల్లోకి వచ్చింది. ఆ చప్పుడు విని, దండోరా అనుకుని పక్క ఊరి జనం కూడా బయల్దేరారు.

"ఇప్పుడన్నా చాప ఎయ్యనీప్పా" అన్నాడు మామ. ఆయన గొంతులో జాలి ఉందని నేను చెబితే దేవుడు నా నాలుక కోస్తాడు.

"ఎయ్యనీను" అన్నాడు ప్రెసిడెంటు, డొక్క పట్టుకుని.

మూడో బంతి అంగడి పేరు మీద పడి, పాములాగా నేలబారున జారి ఆయన కాలికి తగిలింది. బౌలరు ఔటని అరిచాడు. అరుపు ఇంకా పూర్తికాకముందే మామ వేలు లేచింది. నిజం చెప్పాలంటే ఆ వేలు పొద్దుటినుంచీ లేచే ఉంది, అప్పటిదాకా జేబులో దాచుకున్నాడంతే.

"నువ్వు ఆడాలని నన్ను ఔటిచ్చినావు!" అన్నాడు ప్రెసిడెంటు.

మామ తెల్లకోటు విప్పి మా జట్టువాళ్లలో ఒకరికి తొడిగాడు. పంచె ఎగ్గట్టాడు. లోపల ప్యాడ్లు! పొద్దుటినుంచీ కట్టుకునే ఉన్నాడు మహానుభావుడు.

బ్యాటు పట్టుకుని ఆయన క్రీజులోకి పోయేసరికి, ప్రెసిడెంటు తన పేరున్న రాయి మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ల్యెయ్."

"ల్యెయ్యను. నా రాయి మీద నీకు బంతి పడనిచ్చేది ల్యా."

"అయితే నీ రాయి నువ్వు తీస్కపో. తక్కినవి నేను మోసినవి."

"తీస్కపోతా!"

మాటకు కట్టుబడ్డాడు. బండి వచ్చింది, గడ్డపార్లు వచ్చాయి. తాసిల్దారు లేచి గ్రామైక్యత గురించి రెండు ముక్కలు మాట్లాడి, అవి ఎవరూ వినకముందే జీపెక్కాడు. అక్షరాల బరువుకే కాబోలు, ఎద్దులు మోకాళ్ల మీద పడ్డాయి. రాయి పోయేసరికి ఎండ వాలింది, జనం పలచబడ్డారు. అంతసేపూ మామ బ్యాటు ఆనించుకుని అక్కడే నిలబడ్డాడు. నీళ్లిస్తే తాగలేదు. పిచ్‌లో రాయి తీసిన గుంత నోరు తెరుచుకుని ఉంది.

"ఈ గుంతతో ఏం ఆడతావు పెద్దాయనా? పోదాం పా" అన్నాడు బౌలరు.

"ఒక్క బంతి ఎయ్యప్పా" అన్నాడు మామ. ఆ రోజంతటికీ ఆ మైదానంలో ఎవరైనా ఎవరినైనా మెత్తగా అడిగిన మాట అదొక్కటే.

బౌలరు పరుగెత్తుకొచ్చి వేశాడు. బంతి నేరుగా గుంతలో పడింది. పడి, లోపలే ఉండిపోయింది.

మామ బ్యాటు పైకెత్తి పట్టుకునే ఉన్నాడు. కన్ను గుంత మీదనే. ఎవరూ నవ్వలేదు. నేనే ఉండబట్టలేక, "పరుగు తీద్దామా మామా?" అన్నాను.

"నిలబడ్రా నా కొడకా" అన్నాడు మామ, బ్యాటు దించకుండానే. "బంతి ఇంకా రాల్యా."