అప్పలస్వామి బాబాయి సుత్తి

సాల్ట్ లేక్‌లో మా మనవరాలి ఇంటి కింద టీ కొట్టువాడు గాజు గ్లాసులో చెంచా తిప్పి అంచుమీద ఠంగుమనిపిస్తాడు. అంతే, నా వేళ్లు ఊరుకోవు. బల్ల, మోకాలు, పక్కవాడి భుజం, ఏది దొరికితే దానిమీద దరువు మొదలవుతుంది. జబ్బు కాదిది, అప్పలస్వామి బాబాయి.

ఆయన లిలువా రైలు కార్ఖానాలో చక్రాలను సుత్తితో తట్టి, మోతను బట్టి పగులు కనిపెట్టేవాడు. శ్రీకాకుళం మనిషి. చదువు నాలుగో తరగతి. ఆంగ్లో ఇండియన్ గార్డుల మాటలు వినివిని ఇంగ్లీషు మాత్రం వాళ్లలాగే పలికేవాడు. స్టేషన్లో ప్రకటనలు చదివే ఉద్యోగానికి నేను అర్జీ పెట్టగానే, గేటు దగ్గర ఎర్రజెండాల నినాదాలు సద్దుమణిగిన మధ్యాహ్నాల్లో నన్ను చక్రాల పక్కన నిలబెట్టాడు.

“ఎయిర్ కండిషన్డ్ అను.”

“ఎయిరూ కండీషనుడూ.”

“ఏటిరా, ఎవుల్ని పిలుస్తున్నావు? సివర్న ఆ తోకలేటి? ఇవి రెండు బోగీలు. లింకు కాడ బండి ఆగిపోద్దేటి? మొదటిదానికి ఒక దెబ్బ. రెండోదానికి మూడు, నడిమిది గట్టిగా.” ఠక్. ట-ఠంగ్-ట.

కార్ఖానా పక్క గదిలో పరీక్ష. నేను చదువుతుంటే ముగ్గురు అధికారులూ లేచి నిలబడ్డారు, ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నేళ్లుగా అందరికీ ఇలాగే చెప్పాను. కానీ లేచినవాడు ఒక్కడే, అదీ కిటికీ మూయడానికి. నిజానికి ‘ఎయిర్ కండిషన్డ్’ దగ్గరే నా నాలుక బిగుసుకుంది. అప్పుడు బయట పట్టాలమీది పెట్టె కిందనుంచి వినిపించింది: ఠక్. ట-ఠంగ్-ట. గుక్కతిప్పుకోకుండా చదివేశాను.

“కే ఠుక్‌ఠుక్ కొర్ఛే?” ఎవడా తట్టేదని బెంగాలీలో అడిగాడు వాళ్లలో పెద్దాయన. “నీకు తెలిసినవాడా?”

“జానీ నా, సార్,” అన్నాను. తెలియదని. కిటికీ ఇంకా మూయలేదు.

పరీక్ష చెడగొడుతున్నాడని బాబాయిని అందరిముందూ చీవాట్లు పెట్టారు. ఆయన నా పేరెత్తలేదు. ఉద్యోగం నాకొచ్చింది.

సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని బాబాయి దగ్గరికి వెళ్లాను. ఒకటి నోట్లో వేసుకుని, “బాగానే సదివినావురా. ఒక్క మాటైతే బెదురన్నదే లేకుండా పలికినావు,” అన్నాడు.

“ఎయిర్ కండిషన్డా, బాబాయ్?”

“కాదు. జానీ నా.”

సుత్తి తీసుకుని మరో చక్రం దగ్గరికి వెళ్లిపోయాడు.

పదవీ విరమణ దాకా మైకు ముందు, బల్ల కింద వేలితో తట్టుకుంటూనే చదివాను. చదవడం ఎవరు నేర్పారంటే పుస్తకాలన్నాను, ఈ దరువు ఎక్కడిదంటే ‘జానీ నా’ అన్నాను. ఇవాళ టీ కొట్టువాడూ అడిగాడు, “ఈ తాళం ఎవరు నేర్పారు, దాదూ?” అలవాటుగా నోటిదాకా ‘జా’ వచ్చింది. మింగేశాను.

“అప్పలస్వామి,” అన్నాను. తడబడ్డాను. మళ్లీ అన్నాను.